తుపాకి సరే.. సంచి ఏదీ?

పెన్సిల్వేనియాలో ఓ తెలుగువారి ఇల్లు. అక్టోబరు నెల. భోజనాల బల్ల దగ్గర పద్నాలుగేళ్ల కుర్రాడు గొంతు సవరించుకుని ‘‘నాన్నా, నాకో సంచి కావాలి’’ అన్నాడు. మొన్న ఆగస్టులోనేగా స్కూలు బ్యాగు కొన్నాం అంది తల్లి. ‘‘అది కాదమ్మా, వేటకి’’ అన్నాడు వాడు. తండ్రి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

వాడి స్నేహితుడి తాతగారు ఏటా జింకల వేటకి వెళ్తారు. ఈసారి మనవడితోపాటు వీణ్నీ తీసుకెళ్తానన్నారు. తుపాకి సంగతి ఆయనే చూసుకుంటారట. బట్టలూ, బూట్లూ, సంచీ మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలట. అందులోనూ సంచి ముందు కొనుక్కుని నాలుగు వారాలపాటు మోసి చూసుకోమన్నారట.

అక్కడ ఇదేం వింత కాదు. మనకు సంక్రాంతికి ఊళ్లు కదిలినట్టు పెన్సిల్వేనియా పల్లెల్లో జింకల సీజను మొదలైతే ఇళ్లు కదులుతాయి. దశాబ్దాలపాటు అది థాంక్స్‌గివింగ్ పండగ తర్వాత వచ్చే సోమవారం మొదలయ్యేది. 2019 నుంచి శనివారానికి జరిపారు. అయినా ఆ సోమవారం ఇప్పటికీ చాలాచోట్ల బళ్లకు సెలవే. పన్నెండేళ్లు నిండిన పిల్లలకు జూనియర్ లైసెన్సు ఇస్తారు. దానికి ముందు వేట శిక్షణ తరగతికి వెళ్లి పరీక్ష పాసవ్వాలి. 14, 15 ఏళ్ల పిల్లలైతే వెంట 18 దాటిన మనిషి ఉండి తీరాలి. ఉండటమంటే అదే అడవిలో ఎక్కడో ఉండటం కాదు. పిల్లాణ్ని చూస్తూ, చెప్పిన మాట వాడికి స్పష్టంగా అందేంత దగ్గర్లో ఉండాలి.

తెనాలిలో ఉన్న నానమ్మకు ఫోన్లో ఈ సంగతి తెలిసింది. ‘‘ఏరా, జింకని కొడతాడా పిల్లాడు? మన ఇంటా వంటా ఉందా ఇది?’’ అని కొడుకుని నిలదీసింది. ఆవిడ బాధ ఆవిడది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణలతో సరదా వేటకు తలుపులు పూర్తిగా మూసుకుపోయాయి. జింకను కొడితే జైలే. అక్కడి కథ వేరు. 19వ శతాబ్దం చివరికి పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు కనుమరుగయ్యాయి. 1895లో గేమ్ కమిషన్ పెట్టి, 1906 నుంచి బయటి రాష్ట్రాల జింకల్ని తెచ్చి అడవుల్లో వదిలారు. వాటిని తినే తోడేళ్లు అప్పటికే లేవు. జింకలు పెరిగి పెరిగి అడవిలో లేత మొక్కన్నది బతకనివ్వని స్థితికి వచ్చాయి. అందుకే ఎన్ని కొట్టొచ్చో, ఏ రోజుల్లో కొట్టొచ్చో లెక్కగట్టి ప్రభుత్వమే అనుమతులిస్తోంది. ఇదంతా కొడుకు వివరిస్తే నానమ్మ విన్నది కానీ ఒప్పుకోలేదు.

తల్లికి మాత్రం పాపపుణ్యాల కన్నా పిల్లాడు క్షేమంగా తిరిగి రావడం ముఖ్యం. మూడు రాత్రులు ఆలోచించి ఓ షరతు పెట్టింది. పంపడమంటూ జరిగితే సంచి తనే చూసి కొంటుంది. దాంట్లో ఏం ఉండాలో కూడా తనే చూస్తుంది. కుర్రాడు ఎగిరి గంతేశాడు. అమ్మ ఆ పని ఎంత సీరియస్‌గా తీసుకుంటుందో అప్పటికి వాడికి తెలీదు.

స్కూలు బ్యాగు ఎందుకు పనికిరాదు?

తండ్రికి వచ్చిన మొదటి ఆలోచన అందరు తండ్రులకూ వచ్చేదే. ఇంట్లో మంచి స్కూలు బ్యాగు ఉండగా మళ్లీ ఇంకోటి ఎందుకు? ఒక్క రోజు అడవికి వెళ్లి రావడానికి అది చాలదా?

చాలదు. పట్టకపోవడం వల్ల కాదు, పట్టడం వల్లే ప్రమాదం. శనివారం వేటకు వెళ్లిన సంచి మంగళవారం బడికి వెళ్తుంది. అడుగున ఏదో అరలో మడతకత్తి ఉండిపోతుంది. లేదా ఒక్క తూటా. కుర్రాడికి ఆ సంగతే గుర్తుండదు. పెన్సిల్వేనియాలో 1995 నాటి 26వ నంబరు చట్టం ప్రకారం బడిలో విద్యార్థి దగ్గర ఆయుధం దొరికితే కనీసం ఏడాదిపాటు బడి నుంచి బహిష్కరించాలి. ఆ చట్టం దృష్టిలో కత్తి కూడా ఆయుధమే. సందర్భాన్ని బట్టి శిక్ష తగ్గించే వెసులుబాటు అధికారులకు ఉందిగానీ, అక్కడిదాకా వెళ్లాక ఆ ఇంటి పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. తుపాకులకు సంబంధించి దేశమంతటికీ వర్తించే చట్టం 1994 నుంచే ఉంది. పిల్లాడు మంచివాడే, మర్చిపోయాడంతే.. అని చెప్పుకోవాల్సిన రోజు రాకుండా ఉండాలంటే వేట సంచి వేరుగా ఉండాలి. రంగులో, ఆకారంలో ఎంత తేడాగా ఉంటే అంత మేలు. దాని చోటు కూడా పిల్లాడి గదిలో కాదు, గ్యారేజీలో.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కూ ఉంది. వేసవి సెలవులకు హైదరాబాద్ బయల్దేరేటప్పుడు చేతికి దొరికిన సంచిలో బట్టలు కుక్కేయడం మనకు అలవాటు. ఆ సంచి అడుగున తూటా ఒకటి ఉండిపోయి, విమానాశ్రయంలో స్కానర్ కంట పడిందనుకోండి. మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకోవడం నేరం. తుపాకి లేదుగా, ఒక్కటేగా అంటే కుదరదు. విమానాశ్రయాల్లో ఇలా దొరికిపోయి కేసుల పాలైన ప్రయాణికులు ఎందరో ఉన్నారు. సంచిలో ఉన్న సంగతే తెలియనప్పుడు అది నేరం కాదంటూ ఢిల్లీ హైకోర్టు ఇలాంటి కేసులు చాలా కొట్టేసింది. కానీ కొట్టేసేదాకా కోర్టు చుట్టూ తిరగాల్సిందేగా! తిరుగు విమానం టికెట్టు ఎవరి కోసమూ ఆగదు.

అందుకని తల్లి పెట్టిన మొదటి నియమం - తూటాలు ఎప్పుడూ సంచిలో ఉండకూడదు. వాటికి వేరే చిన్న పెట్టె. వేట అయ్యాక లెక్కపెట్టి తాతగారి చేతికివ్వాలి. సంచిని ఇంటికి తెచ్చిన రాత్రే తలకిందులుగా దులిపి, అరలన్నీ బయటికి తిప్పి చూపించాలి.

‘పెరిగే పిల్లాడు కదా’ అనుకుంటే..

రెండో ఆదివారం ముగ్గురూ వేట సామగ్రి దుకాణానికి వెళ్లారు. గోడ నిండా సంచులు. ఆకుల బొమ్మలవి, గడ్డి బొమ్మలవి, చెట్టు బెరడు బొమ్మలవి. తండ్రి నేరుగా అన్నిటికన్నా పెద్దదాని దగ్గరికి వెళ్లాడు. ‘‘పెరిగే పిల్లాడు కదా, ఇదైతే కాలేజీ దాకా వస్తుంది’’ అన్నాడు.

మన పెంపకంలో ఇదో జబ్బు. చెప్పులు ఒక సైజు పెద్దవి, చొక్కా రెండు సైజులు పెద్దది. చొక్కా వదులైతే మడత పెట్టుకోవచ్చు. సంచి పెద్దదైతే అలా కాదు. బరువంతా నడుం దాటి కిందికి వేలాడుతుంది. దాన్ని ఆపడానికి పిల్లాడు ముందుకు వంగి నడుస్తాడు. గంటలో భుజాలు, రెండు గంటల్లో నడుం పట్టేస్తాయి. పెద్ద సంచికి ఇంకో గుణం కూడా ఉంది. ఖాళీ కనిపిస్తే పిల్లలు నింపుతారు.

ఒక్క రోజు వేటకు 20 నుంచి 30 లీటర్ల సంచి బోలెడు. అమెరికాలో చాలా సంచుల మీద కొలత ఘనపుటంగుళాల్లో రాసి ఉంటుంది. 1,000 ఘనపుటంగుళాలంటే సుమారు 16 లీటర్లు. అంటే 1,200 నుంచి 1,800 దాకా ఉన్నవి చూస్తే సరిపోతుంది. రాత్రి గుడారంలో ఉండే పని లేనప్పుడు 60, 70 లీటర్లవి పిల్లాడి వీపు మీద గుదిబండలే.

సంచి కొలతకు మనిషి ఎత్తు కాదు, వెన్ను పొడవు చూడాలి. తల కిందికి వంచితే మెడ మొదట్లో ఓ ఎముక పొడుచుకొస్తుంది. అక్కణ్నుంచి మొదలుపెట్టాలి. నడుం మీద చేతులు పెట్టుకుంటే తుంటి ఎముకల పైఅంచు బొటనవేళ్లకు తగులుతుంది. రెండు బొటనవేళ్ల మధ్య వెన్ను మీద గీత గీసినట్టు ఊహించుకుని అక్కడిదాకా టేపుతో కొలవాలి. ఈ వయసు పిల్లల్లో ఎక్కువమందికి అది 14 నుంచి 18 అంగుళాల మధ్య ఉంటుంది. ఒకే ఎత్తున్న ఇద్దరు పిల్లల్లో ఒకడికి కాళ్లు పొడవు, ఇంకొకడికి వెన్ను పొడవు ఉండొచ్చు. ఆ ఇద్దరికీ ఒకే సంచి సరిపోదు. అందుకే పెరిగే పిల్లలకు భుజాల పట్టీని పైకీ కిందికీ జరుపుకొనే వీలున్న రకం తీసుకోవాలి. తండ్రి కోరుకున్న ‘కాలేజీ దాకా’ అన్నది కొంతైనా తీరాలంటే దారి అదే.

ఇంకో మెలిక. కొనేటప్పుడు పిల్లాడు టీషర్టు మీద ఉంటాడు, వేటాడేటప్పుడు మందపాటి చలికోటు మీద. టీషర్టు మీద అతికినట్టు ఉన్న సంచి కోటు మీద ఎక్కనే ఎక్కదు. నడుం బెల్టు ముడి కూడా పడదు. కోటు తీసుకెళ్లి దుకాణంలోనే తొడిగి చూడాలి. ఆ తల్లి కోటు సంగతి మర్చిపోలేదు. అక్టోబరు ఎండలో చలికోటు తొడుక్కుని దుకాణమంతా తిరగలేక కుర్రాడికి తల కొట్టేసినట్టయింది. అయినా తిరిగాడు.

నడుం బెల్టు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. అది తుంటి ఎముకల మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. సరిగ్గా బిగిస్తే బరువులో ఎక్కువ భాగం కాళ్ల మీదికి దిగుతుంది, భుజాలకు తెరిపి వస్తుంది. బెల్టు లేని సంచి ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయడమే. ఛాతీ దగ్గర చిన్న పట్టీ ఒకటుంటుంది. పరుగులాంటి నడకలో పట్టీలు జారకుండా అది పట్టి ఉంచుతుంది. చాలామంది దాన్ని బిగించనే బిగించరు.

అయిదు కిలోలు చాలు

బరువు విషయానికొస్తే, సంచి పిల్లల బరువులో 10 నుంచి 20 శాతాన్ని దాటకూడదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతుంది. మన దగ్గర 2020లో వచ్చిన జాతీయ స్కూలు బ్యాగు విధానం పదిశాతం దగ్గరే గీత గీసింది. తెలంగాణ అంతకుముందే, 2017లో, తరగతుల వారీగా బరువులు ఖరారు చేసింది. పదో తరగతికి అయిదు కిలోలు. ఆ అంకె వేట సంచికీ అచ్చంగా సరిపోతుంది. ఎందుకంటే వేటకెళ్లే కుర్రాడు మోసేది సంచి ఒక్కటే కాదు. చేతిలో తుపాకి మూడు కిలోల దాకా ఉంటుంది. బరువైన బూట్లు, కోటు సరేసరి. నేల చదునుగా ఉండదు, పైన మంచు.

ఈ కుర్రాడు 48 కిలోలు. పదిశాతమంటే అయిదు కిలోల లోపే. ఖాళీ సంచే రెండు కిలోలుంటే ఇక మిగిలేదేముంది? అందుకే ఖాళీ బరువు కిలో, కిలోన్నర మించని సంచి చూడాలి. లీటరు నీళ్లు ఒక కిలో. తిండి అరకిలో. చలికి అదనంగా తొడుక్కునే బట్టలు కిలో. మిగతా సరంజామా అంతా ఇంకో కిలో. అయిపోయింది.

నీళ్ల కోసం సంచి లోపల రబ్బరు తిత్తి, దానికో గొట్టం ఉండే రకాలు పిల్లలకు భలే నచ్చుతాయి. వేసవి కొండలెక్కడానికి అవి బాగానే ఉంటాయి. నవంబరు ఆఖర్లో పెన్సిల్వేనియా తెల్లవారుజామున ఆ గొట్టంలో నీళ్లు గడ్డకడతాయి. దాని బదులు మామూలు సీసా, లేదంటే వేడినీళ్ల ఫ్లాస్కు.

వీపు మీద నారింజ

దుకాణంలో తల్లికీ కొడుక్కీ మాటామాటా వచ్చింది ఇక్కడే. కుర్రాడికి ఆకుల బొమ్మల సంచి కావాలి. సినిమాల్లో వేటగాళ్లకు అదేగా ఉండేది. తల్లికి నారింజరంగు కావాలి.

ఆవిడ దగ్గర లెక్క ఉంది. పెన్సిల్వేనియాలో తుపాకుల జింక సీజన్లో తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు ఒంటి మీద ఉండాలి. అది నాలుగు వైపుల నుంచీ కనిపించాలి. 250 అంటే అటు పదహారు, ఇటు పదహారు అంగుళాలున్న చదరపు గుడ్డంత. నారింజ చొక్కా తొడిగి, దాని మీద ఆకుల బొమ్మల సంచి తగిలిస్తే ఏమవుతుంది? వీపు మీది నారింజ కాస్తా మాయమవుతుంది. వెనక నుంచి చూసే వేటగాడికి పొదల్లో ఏదో గోధుమరంగుది కదులుతున్నట్టు ఉంటుంది. చట్టంలోని ఆ నిబంధన పుట్టిందే ఆ ఒక్క క్షణం కోసం.

నారింజ వేసుకుంటే జింక చూసేయదా అన్నది కుర్రాడి వాదన. చూడదు. మనిషి కంట్లో రంగుల్ని గుర్తుపట్టే కణాలు మూడు రకాలైతే జింక కంట్లో రెండే. నారింజ, ఎరుపు దానికి మసకబారిన రంగుల్లా కనిపిస్తాయి. అది బాగా పసిగట్టేది నీలాన్ని. తెల్లగా మెరిపించే డిటర్జెంట్లతో ఉతికిన బట్టలు కూడా దాని కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అంటే జింకకు దొరికిపోయేది నారింజ సంచి కాదు, నీలం జీన్సు. అన్నట్టు, విస్కాన్సిన్ రాష్ట్రం 2016లో మెరిసే గులాబీరంగుకు కూడా అనుమతిచ్చింది. ఆ మాట చెప్పేసరికి కుర్రాడు కంగారుగా నారింజకు ఒప్పేసుకున్నాడు.

నారింజ సంచి దొరక్కపోయినా దిగుల్లేదు. వానకు సంచి మీద కప్పే తొడుగులు నారింజలో దొరుకుతాయి. ఆకుల బొమ్మల సంచికి అది తొడిగితే ఇద్దరి మాటా నెగ్గినట్టే.

చప్పుడు సంగతి చాలామందికి తట్టదు. జింకకు కన్ను అంతంత మాత్రమైనా చెవి, ముక్కు గట్టివి. నిశ్శబ్దంగా ఉన్న అడవిలో వెల్‌క్రో పట్టీ పర్రుమని ఊడితే ఆ పూటకి వేట అయిపోయినట్టే. గట్టి నైలాను గుడ్డ కొమ్మలకు రాసుకుంటే గరగరమంటుంది. మెత్తటి నూగు ఉన్న గుడ్డ చప్పుడు చేయదు గానీ తడిని పీల్చి బరువెక్కుతుంది, ముళ్లు గుచ్చుకుంటే చిరుగుతుంది. రెండూ ఒకే దాంట్లో దొరకవు. జిప్పులకు ఇనుప కొక్కేల బదులు తాడు ముక్కలు కట్టి ఉన్నవి చూసుకోవాలి. లేకపోతే ఇంటికొచ్చాక కట్టుకోవచ్చు. దుకాణంలో కుర్రాడు కళ్లు మూసుకుని, చేతికి గ్లౌజులు తొడుక్కుని, చప్పుడు కాకుండా సంచి తెరిచి టార్చి బయటికి తీయాలి. అలా తీయగలిగితే ఆ సంచి పాసు. పదమూడు జిప్పులున్న సంచి దగ్గర వాడు మొదటి టార్చికే ఓడిపోయాడు.

ఓ ఈల, ఓ చెత్త సంచి

1981 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పలోమార్ కొండ మీద తొమ్మిదేళ్ల పిల్లాడు ఇంటివాళ్లతో నడకకు వెళ్లి తప్పిపోయాడు. వందలమంది రోజుల తరబడి వెతికారు. చివరికి ప్రాణం లేని పిల్లాడే దొరికాడు. చలి చంపేసింది. ఆ వెతుకులాటలో పాల్గొన్నవాళ్లు కొందరు ఆ తర్వాత ఊరుకోలేకపోయారు. పిల్లలకు నేర్పడానికి ‘హగ్ ఎ ట్రీ’ అనే పాఠం తయారుచేశారు. అది తర్వాత అమెరికా, కెనడా బళ్లలోకి వెళ్లింది. దాని సారం చాలా చిన్నది. దారి తప్పావని తెలియగానే నడక ఆపేయ్. ఓ చెట్టును కావలించుకున్నట్టు దాని దగ్గరే ఉండిపో. అటూ ఇటూ తిరిగితే వెతికేవాళ్లు వచ్చి వెళ్లిన చోటికి నువ్వు, నువ్వున్న చోటికి వాళ్లు.. ఇద్దరూ కలవరు. నీ దగ్గర రెండు వస్తువులు ఉంచుకో. ఈల, పెద్ద చెత్త సంచి.

ఈల ఎందుకంటే అరిచే గొంతు అరగంటలో బొంగురుపోతుంది, ఈల పోదు. మూడుసార్లు ఊది ఆపి, మళ్లీ మూడుసార్లు ఊదితే ఆపదలో ఉన్నానని అర్థం. చెత్త సంచి తొడుక్కుంటే వానా గాలీ ఆగి ఒంటి వేడి నిలుస్తుంది. అయితే ముఖం పట్టేంత కంత ముందే కోసి ఉంచాలి, మూసి ఉన్న సంచిని ఎప్పుడూ తల మీదుగా దిగేసుకోకూడదు. ఈ మాట పిల్లలకు ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ముదురు రంగువి కాకుండా నారింజ చెత్త సంచులు కొంటే దూరానికీ కనిపిస్తాయి.

ఈ తల్లి ఈలను సంచి లోపల పెట్టనివ్వలేదు. భుజం పట్టీకే తాడుతో కట్టించింది. కాలుజారి పడిన పిల్లాడు సంచి తెరిచి ఈల వెతుక్కోగలడా? సెల్‌ఫోను ఉందిగా అంటారు కొందరు. కొండ వెనక సిగ్నల్ ఉండదు, ఆ చలికి బ్యాటరీ ముందే దిగిపోతుంది. ఫోను ఉంచుకోవాల్సింది కోటు లోపలి జేబులో, ఒంటి వేడికి.

సియాటిల్‌లోని ‘మౌంటెనీర్స్’ అనే పర్వతారోహకుల సంఘం 1930ల్లోనే కొండలెక్కేవాళ్లు తప్పక ఉంచుకోవాల్సిన పది వస్తువుల జాబితా రాసింది. మ్యాపు, దిక్సూచి, టార్చి, అదనపు తిండి, అదనపు బట్టలు, అగ్గిపెట్టె, కత్తి, మందులు.. ఇలా సాగుతుంది. దానికీ నేటి వేట సంచికీ తేడా తక్కువే. తలకు కట్టుకునే టార్చి, దానికి మరో జత సెల్సు తప్పనిసరి. అదనపు బట్టల్లో నూలువి వద్దు, ఉన్నివి కావాలి. చెమటకో మంచుకో తడిసిన నూలు బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. మన ఎండల దేశంలో నూలుకున్న పేరు ఆ చలిలో చెల్లదు.

మంచె ఎక్కేటప్పుడు సంచి ఎక్కడ?

జింకల వేటలో సగం చెట్టు మీదే. పొలాల్లో మన మంచెలాంటిదే, కాకపోతే ఒక్క మనిషి కూర్చునేది, చెట్టు కాండానికి బిగించి ఉంటుంది. వేట శిక్షణ పాఠాల్లో దాని మీది నుంచి పడటాన్ని పెద్ద ప్రమాదాల్లో ఒకటిగా నేర్పుతారు. నేల వదలకముందే ఒంటికి తగిలించుకున్న పట్టీల కవచాన్ని చెట్టుకున్న తాడుకు కలపాలి. సంచి వీపున వేసుకుని, తుపాకి పట్టుకుని ఎక్కకూడదు. ముందు మనిషి ఎక్కాలి. తర్వాత తాడుతో సంచిని, ఆపైన తూటాలు తీసేసిన తుపాకిని పైకి లాక్కోవాలి. అందుకని సంచి నెత్తిన గట్టి పిడి ఉండాలి. దుకాణంలో పిడి పట్టుకుని రెండు చేతులా గుంజి చూడండి. కుట్టు పలచగా ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

గురి పెట్టేటప్పుడు కూడా సంచి ఒంటి మీద ఉండకపోవడమే మంచిది. తుపాకి మడమ ఆనాల్సిన చోట భుజం పట్టీ మందంగా అడ్డొస్తుంది, మడమ జారుతుంది. కుడిచేతి వాటం పిల్లాడైతే కుడి పట్టీ ముందు ఊడదీసుకుని, సంచిని ఒక్క కదలికలో కిందికి దించడం ఇంట్లోనే అలవాటు చేసుకోవాలి. తాతగారు నాలుగు వారాలు మోసి చూసుకోమన్నది ఇందుకే.

ఇక మాంసం. జింక పడిందే అనుకుందాం. ఎముకలు తీసేసినా మధ్యరకం జింక నుంచి 20 కిలోల పైనే వస్తుంది. దుకాణాల్లో అల్యూమినియం చట్రమున్న సంచులు కనిపిస్తాయి, వందల డాలర్లవి. పడమటి కొండల్లో గుర్రమంత ఉండే ఎల్కులను ముక్కలు చేసి మోసుకొచ్చే పెద్దవాళ్ల కోసం చేసినవి. 48 కిలోల పిల్లాడికి వాటితో పనిలేదు. పెన్సిల్వేనియాలో జింకను తాడుతోనో, ప్లాస్టిక్ బల్లతోనో నేల మీద ఈడ్చుకొస్తారు. ఈడ్చేది పెద్దవాళ్లే. దాని మీద నారింజ గుడ్డ కప్పి మరీ తీసుకొస్తారు, కదులుతున్న జింక అనుకుని ఇంకెవరూ గురి పెట్టకుండా. ఆ గుడ్డ ముక్క కుర్రాడి సంచిలో ఉంటే చాలు, వాడి వంతు అదే. ఇంకో జత రబ్బరు గ్లౌజులు కూడా. జింకల్లో మెదడును తినేసే సీడబ్ల్యూడీ అనే జబ్బు 2012లో పెన్సిల్వేనియాలోనూ బయటపడింది. జబ్బున్న ప్రాంతాల నుంచి జింక తల, వెన్నెముక బయటికి తీసుకెళ్లడం నిషిద్ధం. కొమ్ముల తల సంచికి కట్టుకుని ఫొటో దిగాలని కుర్రాడికి ఉండొచ్చు, కానీ ఎక్కడి నుంచి ఎక్కడికి తీసుకెళ్లొచ్చో ముందే తెలుసుకోవాలి.

చివరికి ఏది కొన్నారంటారా? 26 లీటర్లది, వెన్ను పట్టీ జరుపుకొనే రకం, మూడే జిప్పులు. ఆకుల బొమ్మలదే, మీద నారింజ తొడుగు. దుకాణంలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు అందులో పెట్టి, కోటు మీద తగిలించి, ఇరవై నిమిషాలు నడిపించి, మెట్లెక్కించి, నేల మీద కూర్చోబెట్టి లేపారు. ఏ పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో ఖాళీ సంచి ఎప్పుడూ చెప్పదు.

నవంబరులో థాంక్స్‌గివింగ్ మర్నాడు రాత్రి, సంచి సర్దుతుండగా తెనాలి నుంచి వీడియో కాల్. నానమ్మకి కుర్రాడు ఒక్కొక్కటే చూపించాడు. ఈల, చెత్త సంచి, ఉన్ని టోపీ, దిక్సూచి. ఆవిడ అన్నీ చూసి, తిండి ఏదిరా అంది. అమ్మ చేగోడీలు పెడతానంటోంది గానీ అవి నమిలితే కరకరమని జింక పారిపోతుంది నానమ్మా, సున్నుండలైతే చప్పుడు కాదు అన్నాడు వాడు.

నానమ్మ ఒక్క క్షణం ఆగి కోడల్ని పిలిచింది.

‘‘అమ్మాయ్, వాడికి చేగోడీలే పెట్టు. కాస్త ఎక్కువే పెట్టు.’’